ఎలూందాలో విల్లా: పెద్దవాళ్లు, పిల్లలతో వెళ్లేవాళ్లు ముందే అడగాల్సిన సంగతులు

విల్లా ఫోటోలో కొలను కనిపిస్తుంది, దాని వెనక నీలంగా సముద్రం కనిపిస్తుంది. మెట్లు మాత్రం కనిపించవు. గ్రీసులోని క్రీట్ దీవి ఈశాన్య తీరంలో ఉన్న ఎలూందా మొత్తం కొండవాలు. మిరబెల్లో అఖాతం వైపు దిగే ఆ వాలు మీద, ప్రతి విల్లాకూ సముద్రం కనిపించాలని రిసార్టులన్నీ అంతస్తులు అంతస్తులుగా కట్టారు. రిసెప్షన్ పైన, భోజనశాల మధ్యలో, ఒడ్డు అట్టడుగున ఉంటుంది. ఎటు వెళ్లాలన్నా బ్యాటరీ బండి, అక్కడి మాటలో బగ్గీ, పిలవాలి. రాత్రి భోజనాల వేళ అందరూ ఒకేసారి పిలుస్తారు కాబట్టి అప్పుడు పది పదిహేను నిమిషాలు ఎదురుచూపు తప్పదు.

అమ్మమ్మ, తాతయ్యలతో వెళ్తున్నవాళ్లు డబ్బు కట్టే ముందు రిసార్టుకు రెండు ప్రశ్నలు ఈమెయిల్‌లో పంపి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. బగ్గీ దిగిన చోటి నుంచి మా విల్లా గుమ్మం దాకా ఎన్ని మెట్లు? లోపల ఏ పడకగది ఏ అంతస్తులో ఉంది, దానికి ఆనుకుని బాత్రూమ్ ఉందా? వాలు మీద కట్టిన విల్లాల్లో తరచుగా గుమ్మం పై అంతస్తులో ఉంటుంది. హాలు అక్కడే, పడకగదులేమో కింద, కొలను దగ్గర. మోకాళ్ల నొప్పులున్న మనిషి కాఫీకి పైకి, పడకకు కిందికి రోజుకు ఆరేడుసార్లు ఎక్కి దిగాల్సి వస్తే వారం మొత్తం గదికే పరిమితమైపోతారు. ఫ్లోర్ ప్లాన్ పంపమంటే మంచి రిసార్టులు పంపుతాయి. పంపడానికి వెనకాడే చోట బుక్ చేయకపోవడమే మేలు.

ఇన్ని దీవులుండగా ఎలూందాయే ఎందుకంటే, కుటుంబానికి కావాల్సినవి దగ్గరదగ్గరగా ఉన్న చోటు ఇది. 1970ల నుంచీ ఇక్కడ ఖరీదైన హోటళ్లు ఉన్నాయి. హెరాక్లియన్ విమానాశ్రయం నుంచి సుమారు 70 కిలోమీటర్లు, గంట పైచిలుకు ప్రయాణం. పది పదకొండు కిలోమీటర్లలో ఆయియోస్ నికొలావోస్ పట్టణం, అక్కడ ప్రభుత్వాసుపత్రి ఉన్నాయి. సాంతోరిని దీవిలో అగ్నిపర్వతపు అంచు మీది గదులు ఇంకా అందంగా ఉంటాయి, నిజమే. కానీ అక్కడ నిటారు మెట్లు ఎక్కువ, చాలా హోటళ్లు చిన్నపిల్లలను తీసుకోవు, ఈతకు సముద్రం చేరాలంటే బండి ఎక్కాలి. జంటకు సాంతోరిని సరే, మూడు తరాల కుటుంబానికి క్రీట్ నయం.

ప్రకటనల్లో వాడే మాటలకు అర్థాలు విడిగా తెలుసుకోవాలి. 'సీ ఫ్రంట్' అంటే ముందు వరసలో ఇంకో కట్టడం లేనిది. 'సీ వ్యూ' అంటే ఎక్కడి నుంచో సముద్రం కనిపిస్తుందని మాత్రమే. 'ప్రైవేట్ పూల్' మన ఒక్కరిదే. 'షేర్డ్ పూల్' అంటే పక్క రెండు మూడు విల్లాలతో కలిపి. 'రెండు పడకగదులు, ఆరుగురు' అని రాస్తే ఇద్దరు హాల్లో సోఫా మంచం మీద పడుకోవాలని అర్థం, అది సాధారణంగా పన్నెండేళ్లలోపు పిల్లల కొలతకే సరిపోతుంది. 'కిచెనెట్' అన్నచోట ఫ్రిజ్, కాఫీ యంత్రం, సింకు తప్ప పొయ్యి ఉండకపోవచ్చు. వంట చేసుకునే ఉద్దేశం ఉంటే 'హాబ్ ఉందా' అని సూటిగా అడగండి.

ఇక నెల సంగతి. మన రెండు రాష్ట్రాల్లో బడి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. ఎలూందాలో చాలా రిసార్టులు ఏప్రిల్ చివర్లో తెరిచి అక్టోబర్ ఆఖరుకు మూసేస్తాయి. కాబట్టి మనకు సెలవులు ఉన్నప్పుడు అక్కడ సీజన్ అప్పుడే మొదలవుతుంటుంది. ధర ఆగస్టుకన్నా బాగా తక్కువ, జనం పలచగా, ఎండ హాయిగా ఉంటుంది. లోపం ఒక్కటే, నీళ్లు చల్లగా ఉంటాయి. మే నెలలో సముద్రం 19 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో 25, 26కు చేరుతుంది. వేడి చేయని కొలను కూడా మే మధ్యలో దాదాపు సముద్రమంతే చల్లగా ఉంటుంది. గోదావరి కాలువలో ఈత నేర్చినవాళ్లకైనా అది వణికించే చలి. పిల్లలు ఐదు నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు.

అందుకే మేలో వెళ్లేవాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న కొలను వేడి గురించినదే. 'హీటెడ్' కాదు, 'హీటబుల్' అని రాసి ఉంటే అడిగితేనే, అదనంగా కడితేనే వేడి చేస్తారని అర్థం. చేరిన రోజు అడిగితే ఆ సాయంత్రానికి వేడెక్కదు. ఎందుకో లెక్క చూడండి. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు ఉన్న కొలనులో 45 వేల లీటర్ల నీళ్లు పడతాయి. అన్ని నీళ్లను ఒక్క డిగ్రీ పెంచడానికి సుమారు 52 యూనిట్ల వేడి కావాలి. 20 నుంచి 27 డిగ్రీలకు తేవాలంటే 365 యూనిట్లు. గంటకు 15 యూనిట్ల వేడినిచ్చే హీట్ పంప్ ఆగకుండా నడిచినా ఒక పగలు, ఒక రాత్రి పడుతుంది. రాత్రి చలికి, గాలికి పోయే వేడి కలుపుకుంటే రెండు రోజులు. కాబట్టి చేరడానికి మూడు రోజుల ముందే పంపు వేయించాలి, రాత్రిపూట కొలను మీద కవర్ కప్పుతారా అని అడగాలి. కవర్ లేకపోతే పగలు ఎక్కిన వేడిలో చాలా భాగం తెల్లారేసరికి గాల్లో కలిసిపోతుంది. రోజుకింత అని వేసే హీటింగ్ రుసుము మొత్తం బసకు ఎంతవుతుందో కూడా ముందే లెక్క కట్టించుకోండి.

పిల్లల భద్రత విషయంలో దేన్నీ మాట మీద నమ్మవద్దు. సముద్రంలో కలిసిపోయినట్టు కనిపించే ఇన్ఫినిటీ కొలనుకు చుట్టూ కంచె ఉండదు, కంచె ఉంటే ఆ అందం రాదు. హాలు తలుపు జరిపితే రెండు అడుగుల్లో నీళ్లు. కనిష్ఠ లోతు ఎంత అని అడగాలి. చాలావాటిలో మొదటి మెట్టు దిగగానే 1.2 మీటర్లు, అంటే ఐదారేళ్ల బిడ్డ తల కూడా మునిగే లోతు. ఇన్ఫినిటీ అంచుకు అవతల నీళ్లు పొర్లిపడే తొట్టి ఉంటుంది, దానికింద ఒక అంతస్తు ఎత్తు ఉండొచ్చు. అటువైపు ఎవరినీ ఎక్కనివ్వకూడదు. తాత్కాలిక కంచె గానీ తలుపుకు పై గొళ్లెం గానీ అడిగితే కొన్ని రిసార్టులు పెడతాయి. ఇంట్లో పెద్దవాళ్లు గంటకొకరు చొప్పున కొలను కాపలా పంచుకోవడం ఒక్కటే నిజంగా పనిచేసే ఏర్పాటు. అందరూ ఉన్నారు కదా అనుకున్నప్పుడే ఎవరూ చూడరు.

ఎలూందా ఒడ్డు పూరీలో, రుషికొండలో లాంటి ఇసుక తీరం కాదు. రాళ్లు, గులకరాళ్లు. చాలా రిసార్టుల్లో సిమెంటు వేదిక మీద నుంచి ఇనుప నిచ్చెనతో నేరుగా లోతు నీళ్లలోకి దిగాలి. ఈత వచ్చినవాళ్లకు అది వరం, ఎందుకంటే నీళ్లు అద్దంలా ఉంటాయి. చిన్నపిల్లలకు పనికిరాదు. వాళ్లకోసం రిసార్టు లోపల ఇసుక పోసిన చిన్న తీరం ఉందేమో కనుక్కోండి, లేదా ఆయియోస్ నికొలావోస్ దాటి తూర్పుగా పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న వూలిస్మా తీరానికి తీసుకెళ్లండి. అది ఇసుక, లోతు మెల్లగా పెరుగుతుంది. రాళ్ల సందుల్లో నల్లటి సముద్రపు ముళ్లజీవులు ఉంటాయి, వాటిని అహినోస్ అంటారు. తొక్కితే ముల్లు పాదంలోనే విరుగుతుంది. రబ్బరు అడుగున్న నీటి బూట్లు మనిషికొక జత ఇక్కడినుంచే కొనుక్కెళ్లాలి. గ్రీసులో సముద్రపు ఒడ్డు చట్టప్రకారం ప్రజలది, రిసార్టు ముందున్నదైనా సరే. కాబట్టి మన విల్లా ముందు బయటివాళ్లు ఈదుతుంటే అభ్యంతరం చెప్పే హక్కు మనకు లేదు, అలాగే మనం పక్క రిసార్టు ముందు నీళ్లలో దిగడానికీ అడ్డు లేదు.

జూలై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి రోజుల తరబడి వీస్తుంది. ఆకాశం నిర్మలంగానే ఉంటుంది, గొడుగులు మాత్రం ఎగిరిపోతాయి. అక్కడివాళ్లు గాలిని బోఫోర్ట్ అంకెల్లో చెబుతారు. ఆరు, ఏడు అని వింటే, అంటే గంటకు 40 నుంచి 60 కిలోమీటర్లు, ఆ రోజు పడవ ప్రయాణం పెట్టుకోకండి. ఎలూందా ఊరి ఎదుట పొడవాటి ద్వీపకల్పం అడ్డుగా ఉండటంతో లోపలి వైపు సముద్రం కాస్త ప్రశాంతంగా ఉంటుంది. ఎత్తు మీద తెరిచి ఉన్న విల్లాలకు ఆ రక్షణ ఉండదు. వేసవి నడిమధ్య వెళ్లేవాళ్లు గాలి మరుగున్న వరండా ఉన్న విల్లా అడగాలి.

వంటింటి దగ్గర మన కుటుంబాలు ఎక్కువగా ఇబ్బంది పడతాయి, కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. గ్యాసు పొయ్యి ఆశించవద్దు. గాజు పలక పొయ్యి ఉంటుంది, అది ఇండక్షనో, మామూలు సెరామిక్కో కనుక్కోండి. ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కర్ అసలు వేడెక్కదు. గిన్నె అడుగున అయస్కాంతం అంటుకుంటేనే పనికొస్తుంది. సెరామిక్ అయితే ఏదైనా పనిచేస్తుంది గానీ మెల్లగా ఎక్కుతుంది, ఆపాక కూడా చాలాసేపు వేడి ఉంటుంది. పాలు పొంగిపోయేది అక్కడే. కరెంటు మనలాగే 230 వోల్టులు, కాబట్టి మన మిక్సీ, రైస్ కుక్కర్ పనిచేస్తాయి. మన మూడు పిన్నుల ప్లగ్ మాత్రం దూరదు, యూరప్ గుండ్రటి రెండు పిన్నుల అడాప్టర్ కావాలి. ఆరుగురికి 1 లీటరు రైస్ కుక్కర్ చాలు. రోజుకొక పూట అన్నం అనుకుంటే వారానికి 3 కిలోల సోనామసూరి సరిపోతుంది. అక్కడి దుకాణంలో 'కరొలినా' అని దొరికేది లావు గింజ, జిగురుగా ఉడుకుతుంది. పెరుగన్నానికి బాగుంటుంది, పప్పన్నానికి కుదరదు.

తిరగమోత దగ్గర జాగ్రత్త. వంటింటి పొగగొట్టం చాలా విల్లాల్లో గాలిని బయటికి పంపదు, బొగ్గు వడపోతలోంచి తిప్పి మళ్లీ లోపలికే వదులుతుంది. కాగిన నూనెలో ఎండుమిర్చి పడగానే ఘాటు పైకి లేచి పొగ అలారం మోగుతుంది, అది నేరుగా రిసెప్షన్‌కు కలిపి ఉంటుంది. అలారం మీద గుడ్డ కప్పడం మాత్రం చేయకండి, అది ప్రమాదం, జరిమానా కూడా. నూనె కాగాక పొయ్యి ఆపి, అర నిమిషం ఆగి ఆవాలు, మిర్చి వేయండి. లేదా పులిహోర పులుసు, కందిపొడి, కరివేపాకు పొడి, వేయించిన పోపు గింజలు ఇంటి దగ్గరే చేసి తీసుకెళ్లండి.

ఏం తీసుకెళ్లవచ్చన్నది యూరప్ నిబంధన చెబుతుంది. బయటి దేశాల నుంచి మాంసం, పాల ఉత్పత్తులు తేకూడదు. అంటే నెయ్యి, పనీర్, కోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి వద్దు. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి, మామిడిపండ్లు మొక్కల తనిఖీ పత్రం లేకుండా తేకూడదు. ఆవకాయ, పొడులు, పప్పులు, బియ్యం పర్వాలేదు. నెయ్యికి చింత లేదు. ఉప్పులేని వెన్న 250 గ్రాములు కొని సన్నని వేడి మీద పావుగంట కాస్తే 200 గ్రాముల నెయ్యి వస్తుంది. పెరుగు గురించి అసలు బెంగ వద్దు. వడకట్టిన గట్టి పెరుగు 'స్త్రాంగిస్తో', గొర్రెపాల పెరుగు 'ప్రోవియో', ఆవుపాలది 'ఆయెలాదోస్'. గొర్రెపాల పెరుగు మొదటిసారి కాస్త వాసనగా అనిపించవచ్చు, పిల్లలకు ఆవుపాలదే మంచిది. మూడొంతుల స్త్రాంగిస్తోకు ఒక వంతు నీళ్లు కలిపితే మన పెరుగు చిక్కదనానికి వస్తుంది.

కూరగాయల దుకాణంలో వేసవిలో మన తోటకూర చూసి పెద్దవాళ్లు తప్పకుండా ఆగిపోతారు. దాన్ని అక్కడ 'వ్లీతా' అంటారు, ఉడికించి ఆలివ్ నూనె, నిమ్మరసం పోసి పెడతారు. గంగవాయిలి కూర 'గ్లిస్త్రీదా', దాన్ని పచ్చిగానే సలాడ్‌లో వేస్తారు. చిన్న బెండకాయలు 'బామియెస్'. కందిపప్పు దొరకదు. పసుపుపచ్చని 'ఫావా' పప్పును నలభై నిమిషాలు ఉడికిస్తే ముద్దపప్పులా మెత్తబడుతుంది, రుచి బఠాణీపప్పుకు దగ్గర. ఆదివారం పెద్ద దుకాణాలు సాధారణంగా మూసి ఉంటాయి, ఊళ్లోని చిన్న మార్కెట్లు సీజన్‌లో తెరిచే ఉంటాయి. ఆదివారం దిగేవాళ్లు మొదటి పూటకు సరిపడా సామాను వెంట ఉంచుకోవాలి.

శాకాహారులకు తవెర్నాల్లో, అంటే అక్కడి భోజన హోటళ్లలో, తిండికి లోటు లేదు, కానీ ఒక్క మాట నేర్చుకుంటే చాలదు. 'నిస్తీసిమో' అంటే చర్చి ఉపవాసాల్లో తినే వంట. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. అయితే రొయ్య, ఆక్టోపస్ ఉండొచ్చు, వాటికి ఉపవాసంలో నిషేధం లేదు. కాబట్టి 'హోరిస్ క్రేయాస్, హోరిస్ థలసినా' అనాలి, అంటే మాంసం వద్దు, సముద్రపు తిండి వద్దు. టమాటాలో అన్నం కూరిన గెమిస్తా కొన్నిచోట్ల కీమాతో చేస్తారు. మాంసం లేనిదాన్ని 'ఒర్ఫనా' అంటారు, అనాథలు అని అర్థం. క్రీట్‌లో పెళ్లిళ్ల అన్నం 'గమొపిలాఫో' తెల్లగా, అమాయకంగా కనిపిస్తుంది. దాన్ని మేకమాంసం, కోడి ఉడికిన రసంలోనే వండుతారు. పెద్ద చిక్కుడు గింజల 'గిగాంతెస్', కలగూర లాంటి 'బ్రియామ్', బార్లీ రొట్టె మీద టమాటా, జున్ను వేసిన 'దాకోస్' నిశ్చింతగా అడగొచ్చు. చేప తినేవాళ్లు ఒకటి గమనించాలి. మెనూలో ధర కిలోకు. వండకముందే తూచి చూపించమనడం అక్కడ మర్యాదే.

ఆరుగురు, ఆరు సూట్‌కేసులు ఉంటే ట్యాక్సీ కుదరదు, అందులో నలుగురికే చోటు. ఏడు సీట్ల కారులో అందరూ కూర్చుంటే సామాను పట్టదు. తొమ్మిది సీట్ల వ్యాను ముందే మాట్లాడుకోవాలి, పిల్లల సీట్లు వయసుతో సహా చెప్పి. 135 సెంటీమీటర్లకన్నా పొట్టి పిల్లలకు అవి తప్పనిసరి. సొంతంగా నడపాలంటే భారతీయ లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి, మన ఆర్టీఏ ఆఫీసులో ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. అమెరికా లైసెన్సున్న మనవాళ్లకు చట్టప్రకారం అది అవసరం లేదు. బండి కుడివైపు నడపాలి. ఆటోమేటిక్ కార్లు తక్కువ, ఆలస్యమైతే గేర్ల బండే మిగులుతుంది. ఆయియోస్ నికొలావోస్ దాటాక ఎలూందాకు దిగే దారి మలుపులమయం, వాంతుల భయమున్న పిల్లలకు ముందే మాత్ర వేయాలి.

వీసా రాకముందే డబ్బు తిరిగిరాని ధరకు బుక్ చేయడం పెద్ద పొరపాటు. షెంగెన్ వీసా, అంటే గ్రీసుతో సహా పలు యూరప్ దేశాల ఉమ్మడి వీసా, దరఖాస్తుకు బస ఆధారం కావాలి, కానీ రద్దు చేసుకోగల ధరకు తీసుకున్న బుకింగ్ కూడా సరిపోతుంది. వీసా తిరస్కరణను రిసార్టులు రద్దుకు కారణంగా ఒప్పుకోవు. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45, అంతకన్నా చిన్నవాళ్లకు లేదు. 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. ధరతో పాటు కనిపించని ఇంకో ఖర్చు ఉంది. 2025 నుంచి ఏప్రిల్–అక్టోబర్ మధ్య ఐదు నక్షత్రాల హోటళ్లలో గదికి రాత్రికి 15 యూరోల వాతావరణ రుసుము వసూలు చేస్తున్నారు. విడిగా అద్దెకిచ్చే పెద్ద విల్లాలకూ అంతే. ఏడు రాత్రులకు 105 యూరోలు.

చిన్న సంగతులు కొన్ని. వరండా తలుపు తెరిచి ఉంటే ఏసీ దానంతటదే ఆగిపోతుంది, అది చెడిపోయిందని ఫిర్యాదు చేయకముందు తలుపు చూడండి. బాత్రూమ్‌లో మగ్గు ఉండదు, ఒకటి పెట్టెలో వేసుకోండి. 'కాగితం బుట్టలో వేయండి' అని రాసి ఉంటే పాటించండి, అక్కడి మురుగు గొట్టాలు సన్నవి, మూసుకుపోతాయి. అత్యవసరానికి 112.

స్పినలోంగా కోట దీవికి పక్క ఊరు ప్లాకా నుంచి పడవలో పది నిమిషాలు పట్టదు. 1579లో వెనీషియన్లు కట్టడం మొదలుపెట్టిన కోట అది. 1903 నుంచి 1957 దాకా కుష్ఠురోగులను అక్కడ ఉంచారు. నీడ చాలా తక్కువ, దారి ఎగుడుదిగుడు రాళ్లు. పొద్దున్నే మొదటి పడవల్లో వెళ్లి, మనిషికొక లీటరు నీళ్లు పట్టుకెళ్లాలి. నడవలేని పెద్దవాళ్లు ప్లాకాలో ఒడ్డునే కూర్చుని కోటను పూర్తిగా చూడొచ్చు.

చివరి రోజు విల్లా పదకొండు, పన్నెండుకల్లా ఖాళీ చేయాలి, విమానం సాయంత్రం ఉంటుంది. ఆ మధ్య సమయానికి డ్రైవరుతో సహా వ్యాను రోజంతా మాట్లాడుకుంటే సామాను బండిలోనే భద్రం. క్నోసోస్ పురాతన రాజభవన శిథిలాలు హెరాక్లియన్‌కు 5 కిలోమీటర్లే గానీ మధ్యాహ్నం ఎండలో పెద్దవాళ్లకు కష్టం. హెరాక్లియన్ పురావస్తు మ్యూజియంలో ఏసీ ఉంది, కూర్చోవడానికి బల్లలున్నాయి. క్నోసోస్ గోడల మీద ఉన్నవి నకళ్లే, ఎద్దు మీద నుంచి దూకే మనిషి అసలు చిత్రం ఉన్నది ఈ మ్యూజియంలోనే.